పరుపులన్న అల్లుడు

మొన్న ఆదివారం మేడ మీద పరుపు ఎండకు వేశాను. కాసేపయ్యాక తిప్పి వేద్దామని పైకి వెళ్తే మా వీధి నల్లకుక్క మెట్లెక్కి వచ్చి పరుపు ముందు నిలబడి ఉంది. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, పళ్ళు బయటపెట్టి, పరుపును చూసి మొరుగుతోంది. పరుపు మీద ఏమీ లేదు. పిల్లి కూడా లేదు. దాన్ని కుట్టి ఐదేళ్ళు దాటింది. రెండుసార్లు విప్పించి దూది ఏకించాను, గలేబు మార్చాను, లోపల వేపాకు కూడా వేయించాను. అయినా కుక్కకు తెలిసిపోయింది.

నాకు ముందు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే పిట్టగోడ మీద కూలబడ్డాను. ఆ పరుపు కుట్టిన మనిషి పోయి అప్పటికి ఇరవై రోజులు. ఆదోని నుంచి ఆయన భార్య ఫోన్ చేసి చెబితే ఆరోజే వెళ్ళి, ఆమె పక్కన సాయంత్రం దాకా కూర్చుని వచ్చాను. అక్కడ నాకు ఒక్క చుక్క కన్నీరు రాలేదు. ఇదిగో, ఈ దిక్కుమాలిన కుక్క వచ్చి ఏడిపించింది.

ఆయన పేరు నాకు తెలుసు. రాయను. పేరు పెట్టి పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు, పక్కవాడి కోసం వెతికేవాడు. వీధిలో అందరికీ పరుపులన్న. నాకూ అంతే. ఆయన ఎక్కడ పుట్టాడు, ఎప్పుడు ఆదోని వచ్చాడు అని అడిగితే నేను చెప్పలేను. దూదిని ఎలా పట్టుకునేవాడో మాత్రం చెప్పగలను. బుట్టలోంచి ఒక్క పోగు తీసి కింది పెదవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేవాడు. నచ్చితే తల ఊపేవాడు. నచ్చకపోతే ఆ బస్తా మొత్తం పక్కన పెట్టేసేవాడు.

అప్పట్లో నేను ఆదోనిలో అద్దెకుండేదాన్ని. ఉద్యోగం ఎమ్మిగనూరు బడిలో. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. మా ఇంటి వెనకే ఆయన రేకుల షెడ్డు. అందులో పైకప్పు నుంచి తాడుతో వేలాడుతూ మనిషంత పొడుగు దూదేకే విల్లు ఉండేది. ఆయన కొయ్యతో నారిని కొడితే టంయ్, టంయ్ అని మోగేది, దూది లేచి గాలిలో తేలేది. షెడ్డులో మిషను కూడా ఉంది, పాత పరుపుల దూదికి. కొత్త దూదికి మాత్రం విల్లే. ఎందుకన్నా ఈ తిప్పలు అని ఒకసారి అడిగాను.

“మిషనుకి దూదంటే కోపమమ్మా. నాకు ల్యాదు” అన్నాడు.

పరుపు కుట్టమని అడగడానికి మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన అడిగిన మాటకు నాకు ఒళ్ళు మండింది.

“యా పక్కకు తిరిగి పండుకుంటావమ్మా?”

పరాయి ఆడదాన్ని అడిగే మాటేనా అది! నాకు నోరెక్కువ. నాతో పనిచేసిన టీచర్లంతా ఒప్పుకునే విషయం. అక్కడే నిలబడి నాలుగు దులిపేశాను. ఆయన విల్లు ఆపి, పూర్తిగా విని, “అది కాదమ్మా, ఎడమపక్కకు తిరిగేటోళ్ళకి భుజం కాడ దూది ఎక్కువ పడాల. ఎల్లకిలా పండుకునేటోళ్ళకి నడుం కాడ. తెలీకుండా ఎట్ల కుట్టాల?” అన్నాడు. నేను నేల చూపులు చూస్తూ ఎడమపక్క అని చెప్పి వచ్చేశాను. తర్వాత తెలిసింది, ఈ ప్రశ్న మండీ సేట్లనూ అడుగుతాడు, పెళ్ళికూతుళ్ళ తండ్రులనూ అడుగుతాడు. మరి మీరెలా పడుకుంటారన్నా అని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవాడు. పరుపు కుట్టడం అయ్యాక దాని మీద తను పడుకుని రెండు కునుకులు తీసి, ఆ తర్వాతే ఇచ్చేవాడు. ఎక్కడ పడితే అక్కడ, ఎంత గోలలోనైనా క్షణంలో నిద్రపోయే మనిషి.

ఆయన గలేబులకు ఎమ్మిగనూరు మగ్గం గుడ్డ తప్ప ఇంకోటి వాడడు. రోజూ బస్సులో వచ్చేదాన్ని కాబట్టి ఆ గుడ్డ తెచ్చిపెట్టే పని నా మీద పడింది. అలా మా స్నేహం కుదిరింది. ఆలస్యమైందన్నా అంటే “ఉండనీలేమ్మా.” చారలు మారిపోయాయన్నా అంటే “ఉండనీలేమ్మా.” ప్రపంచంలో ఉన్నవాటన్నిటినీ ఎక్కడివి అక్కడ ఉండనిచ్చే రకం.

ఇంకొక్క సంగతి చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. ఆయనకు వాసన తెలియదు. నలభై ఏళ్ళు దూది దుమ్ము పీల్చి పీల్చి ముక్కు చచ్చిపోయింది. మల్లెపూలూ మురుగుకాలువా ఆయనకు ఒకటే. “ఈయన ముక్కు మొగానికి అలంకారమమ్మా, అంతే” అనేది ఆయన భార్య. ఆమెను నేను అక్కా అనేదాన్ని.

ఒక ఎండాకాలం మొదట్లో ఆయన సి.బెళగల్ అవతల ఒక పల్లెకు వెళ్ళాడు. రైతుల ఇళ్ళలో మిగిలిపోయిన పత్తి కొని, మిల్లులో గింజ తీయించుకోవడం ఆయన అలవాటు. ఆరోజు అక్కడ ట్రాక్టరుతో చేను చదును చేస్తుంటే గట్టు కింద నక్కబొరియ తెగిందట. రెండు పిల్లలు అక్కడే చచ్చిపోయాయి. మూడోదాని ఎడమ చెవి చీలింది కానీ ప్రాణం ఉంది. కూలీలు కుక్కలకు వేస్తామంటే ఈయన పత్తి సంచిలో వేసుకుని మోపెడ్ మీద ఆదోని తెచ్చేశాడు. గుప్పెడంత ప్రాణి. బూడిదరంగు ఒళ్ళు, మొహానికి మించిన చెవులు, తోక చివర నల్లటి కుచ్చు.

“తౌబా! నక్కను తెస్తావా ఇంటికి?” అని అక్క తల కొట్టుకుంది. 

“ఉండనీలే. మనకు కూతురు ల్యాదు. అల్లుడొచ్చినాడనుకో” అన్నాడాయన.

ఆ రోజు నుంచి దాని పేరు అల్లుడు. పేరుకు తగ్గట్టే నడిచిందది. వచ్చీ రాగానే కొత్త పరుపు మీద పడుకుంది. కోడి మాంసం తప్ప ముట్టనంది. పని చేయదు, పిలిస్తే రాదు, పిలవకపోతే అలిగి మూల కూర్చుంటుంది. “అల్లుడు తిన్నాడా?”, “అల్లునికి ఈ పొద్దు మనసు బాగల్యాదు”, ఇవీ ఆ ఇంట్లో మాటలు. విల్లు మోగితే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి, ఎగిరే దూదిపింజలను గాల్లో పట్టుకోవడానికి నాలుగు కాళ్ళ మీదా ఎగిరేవాడు. ఆ ఎగరడం చూడాలి! నిలువుగా లేచి, నడుం వంచి, ముక్కు కిందికి పెట్టి దూదిలో దూకేవాడు. తోక ఒక్కటే బయట ఊగేది. బడిలో ఎంత చిరాకుపడి వచ్చినా అది చూస్తే నవ్వకుండా ఉండలేకపోయేదాన్ని.

నా చెప్పు ఒకటి ఎత్తుకుపోయాడు. నా సంచిలో సుద్దముక్కలు ఎత్తుకుపోయాడు. ఏది దొరికినా దూదిలో దాచడం వాడి జాతి బుద్ధి. దాచింది వాడు మరిచిపోతాడు, చూడకుండా ఈయన కుట్టేస్తాడు. ఒక మండీ సేటు కొత్త దిండు మీద తల పెట్టగానే లోపల కోడిగుడ్డు పగిలింది. ఆయన దిండును ఒంటికి దూరంగా పట్టుకుని మధ్యాహ్నం షెడ్డుకు వచ్చి నిలబడితే, పరుపులన్న దిండు విప్పి చూసి, “అల్లుడు నీకు కానుక పెట్టినాడు సేటూ” అన్నాడు. సేటుకు కోపం ఆగక, నవ్వూ ఆగక గుమ్మంలోనే దగ్గు పట్టుకుంది.

అసలు గొడవ వాసన. నక్క కంపు ఎలా ఉంటుందో ఎరగనివాళ్ళకు చెప్పలేను. ఎరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఏకి పెట్టిన దూదిలోనే అల్లుడు పడుకునేవాడు, ఇది నాదని గుర్తుగా అక్కడే నాలుగు చుక్కలు పోసేవాడు. ఈయన ముక్కుకు తెలియదు, ఆ దూదితోనే పరుపులు కుట్టి ఇచ్చేశాడు. ఇంకే ఊళ్ళో ఏ పనివాడైనా ఈ తప్పు చేసి ఉంటాడని నేననుకోను. ఒక పెళ్ళివారింటికి జంట పరుపు పోయింది. తెల్లవారేసరికి ఆ పేటలో కుక్కలన్నీ వాళ్ళ గుమ్మం ముందు చేరి ఒకటే మొరుగుడు. కొత్త దంపతులకు దిష్టి తగిలిందని గుమ్మడికాయ కొట్టారు. కుక్కలు గుమ్మడికాయను పట్టించుకోలేదు. మామగారు పరుపును ఆటోలో వేసుకుని వస్తే, ఆటో వెనక అవి కూడా వచ్చాయి.

ఆ మధ్య నాకు కుట్టిన రెండో పరుపులోనూ ఆ దూదే. మా వాకిట్లోనూ అదే సంత. నేను వెళ్ళి తిట్టాను. ఆయన పరుపును ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చి, “ఏం ల్యాదే!” అన్నాడు. అంత నిజాయితీగా అన్నాడు, ఇంకేం తిడతాం? అక్క చాటుకు పిలిచి, “వదిలెయ్ అంటే ఇంటాడా టీచరమ్మా? బట్టలు ఉతికి ఉతికి నా చేతులు పోతాండాయి” అంది. అలా అంటూనే అల్లుడికి కోడిమెడ ముక్కలు చేసి పెడుతోంది.

ఇంతదాకా నవ్వులాటే. తర్వాత ఎవరో ఫోన్లో వీడియో తీసి పంపారు. దూదిలో దూకే నక్క ఆదోని అంతా తిరిగింది. మనవాళ్ళకు నక్క అంటే అదృష్టం కదా, కలిసొచ్చిన వాణ్ణి నక్కతోక తొక్కి వచ్చాడంటారు కదా. పత్తి బండితో యార్డుకు పోయేవాళ్ళు, పరీక్షకు పోయేవాళ్ళు, పెళ్ళిచూపులకు పోయేవాళ్ళు పొద్దున్నే షెడ్డు ముందు వరస కట్టారు, దాని మొహం చూసి పోదామని. ఒకాయన అమ్ముతావా అన్నాడు. ఇంకొకాయన తాయెత్తులో పెట్టుకోవడానికి తోక వెంట్రుకలు కావాలన్నాడు. పరుపులన్న “ఉండనీలేప్పా” అని దండం పెట్టాడు. ఆయన నమాజుకు వెళ్ళిన సమయం చూసి ఆ మనిషి కత్తెరతో లోపలికి వచ్చాడు. అల్లుడు చెయ్యి కొరికాడు. 

ఆ మనిషి ఇంజక్షన్ల కోసం ఆసుపత్రికి పరుగెత్తాడు. అతని తమ్ముళ్ళు కర్రలు పట్టుకుని వచ్చారు. ఆ సాయంత్రం నేను బస్సు దిగేసరికి పరుపులన్న షెడ్డు తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ చాపి. నేను నోరు పెద్దది చేసి వాళ్ళను అప్పటికి పంపించేశాను. కానీ అది అంతటితో పోయేది కాదు. ఈసారి కర్రలతో వచ్చారు. రేపు అన్నంలో మందు కలిపి పడేస్తే?

ఆ వారమే మా బడికి అటవీశాఖ నుంచి ఒక బీటు ఆఫీసరు వచ్చింది, ఎండల్లో పిట్టలకు నీళ్ళు పెట్టమని పిల్లలకు చెప్పడానికి. పిట్టంత అమ్మాయి, పెద్ద బూట్లు. ఆమె వెళ్ళిపోతుంటే గేటు దాకా వెళ్ళి, ఆదోనిలో ఒకరింట్లో నక్క ఉందని చెప్పేశాను. సాయంత్రం బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా షెడ్డుకే వెళ్ళాను.

“అన్నా, నేనే చెప్పాను. రేపు వస్తారు” అన్నాను.

ఆయన విల్లు కొట్టడం ఆపలేదు. పది దెబ్బలు కొట్టాక, “ఉండనీలేమ్మా” అన్నాడు. అక్క మాత్రం నా చేతిలో టీ గ్లాసు తిరిగి తీసేసుకుంది. ఆరోజు నుంచి నాతో మాట్లాడలేదు.

బీటు ఆఫీసరు ఎవరినీ బెదిరించలేదు. నక్కను ఇంట్లో ఉంచుకోవడం చట్టప్రకారం తప్పని చెప్పింది. పశువుల డాక్టరుతో సూదులు వేయించింది. పైవాళ్ళతో మాట్లాడి వచ్చి రెండే దారులంది. జూకు పంపాలి, లేదా పుట్టిన చోట వదలాలి. వదలాలంటే అది తన తిండి తను పట్టుకోవాలి, మనిషిని చూస్తే పారిపోవాలి. “మనుషుల దగ్గరికి పోయే నక్క నెల కూడా బతకదు తాతా” అంది. వానలు పడేదాకా గడువిచ్చింది.

“బోను వద్దు తల్లీ. నేర్పిస్తా” అన్నాడాయన.

తిండి సంగతి సులువుగానే అయింది. మిడతలు, పురుగులు, రేగుపళ్ళు, ధాన్యం కొట్లలో పట్టిన ఎలుకలు. ఎలుకబోను తెరిచేటప్పుడు ఈయనే కళ్ళు మూసుకునేవాడు. అల్లుడు మాత్రం దూదిలో నేర్చిన దూకుడుతో రెండు రోజుల్లో ఆరితేరాడు. భయం నేర్పడమే ఎవరివల్లా కాలేదు. అక్క పళ్ళెం మీద గరిటెతో కొడితే అన్నం అనుకుని వచ్చాడు. పరుపులన్న అరవబోయాడు. ఆ గొంతులో నుంచి “పో నాయనా” అనే మాట తప్ప ఇంకేమీ రాలేదు. వాడు వచ్చి ఆయన కాలి మీద తల పెట్టి పడుకున్నాడు.

మర్నాడు సాయంత్రం నేను గుడ్డ ఇవ్వడానికి వెళ్తే ఆయన నన్ను పెరటిగోడ దగ్గరికి తీసుకెళ్ళాడు.

“టీచరమ్మా, నువ్వు అరుస్తావు గదా. నీకు వస్తాది. మాకు రాదు.”

ముప్ఫై ఏళ్ళుగా పిల్లలు నా నోటికి భయపడతారని గొప్పగా చెప్పుకున్నదాన్ని. సరే అన్నాను. మొదటిరోజు అరవబోతే నవ్వొచ్చింది, వాడు నా చీరకుచ్చెళ్ళతో ఆడుకున్నాడు. రెండోరోజు, చివరి బెంచీలో కాగితం బాణం వేసినవాణ్ణి తలుచుకుని, గొంతు తెరిచి “ఏయ్!” అన్నాను. వాడు నేలకు అంటుకుపోయాడు. చెవులు రెండూ వెనక్కి పడిపోయాయి. నన్ను ఒక్కసారి చూసి, పొట్ట నేలకు రాసుకుంటూ దూదికుప్ప వెనక్కి పోయి దాక్కున్నాడు. పరుపులన్న అటు తిరిగి చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఇంటికి వచ్చి ముఖం కడుక్కున్నాను. రెండుసార్లు కడుక్కున్నాను.

వేసవి సెలవులంతా అదే పని. పొద్దునోసారి, సాయంత్రమోసారి వెళ్ళి అరవడం, చేటతో నేల మీద కొట్టడం, రాళ్ళు పక్కన పడేలా విసరడం. అందరూ పిల్లల్ని తీసుకుని ఊళ్ళకు పోతే నేను ఒక మూగజీవిని బెదిరించడానికి ఆదోనిలో ఉండిపోయాను. నెల తిరిగేసరికి నా చెప్పుల చప్పుడు వినగానే వాడు మాయమయ్యేవాడు. వీధిలో ఏ మనిషి గొంతు వినపడినా అంతే. ఒక్క పరుపులన్న దగ్గర మాత్రం భయం లేదు. అది నా అరుపుతో అయ్యేది కాదు.

మొదటి వాన పడిన రెండోరోజు బీటు ఆఫీసరు జీపు తెచ్చింది. గంపలో అల్లుడు, పక్కన పరుపులన్న, వెనక నేను. అక్క రాలేదు. వాడు పుట్టిన చేనికి ఆనుకునే ఒక రాళ్ళగుట్ట ఉంది. గంప మూత తీశారు. వాడు బయటికి వచ్చి, తడిమట్టి వాసన చూసి, రెండడుగులు వేసి, తిరిగి వచ్చి పరుపులన్న పక్కన కూర్చున్నాడు. ఆయన జీపు వైపు నడిస్తే వాడూ నడిచాడు. ఆయన ఆగితే వాడూ ఆగాడు. ఆయన నా వైపు చూశాడు. నేను అరిచాను. వాడు ఆయన కాళ్ళ వెనక దాక్కోబోయాడు. ఆయన కాళ్ళు పక్కకు తీసేసుకున్నాడు. నేను మళ్ళీ అరిచాను. వాడు గుట్ట మీదికి పరుగెత్తాడు, ఒక్కసారి ఆగి చూశాడు, రాళ్ళలో కలిసిపోయాడు.

“పోనీలేమ్మా” అన్నాడు పరుపులన్న. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.

ఆ తర్వాత ఆర్నెల్లు ఆ మనిషికి నిద్ర లేదు. కుట్టిన పరుపుల మీద కునుకు తీయడం మానేశాడు. “కన్ను మూస్తే వాడు రోడ్డు మీదుంటాడమ్మా. లారీ వస్తాంటాది” అన్నాడు ఒకసారి. కళ్ళ కింద నల్లగా పడిపోయింది. ఎవరైనా పరుపు అడగడానికి వస్తే ఏ పక్కకు పడుకుంటారని అడగడం కూడా మరిచిపోయాడు. అక్క నన్ను చూసి మొహం తిప్పుకునేది. నేను చేసింది మంచో చెడో నాకే తెలియలేదు. భయం నేర్పాను, బతకడం నేర్పానా? వాడు చచ్చి ఉంటే ఈ ముసలాయన కూడా నా చేతిలోనే పోతాడు అనిపించేది.

పత్తి ఏరే రోజుల్లో అల్లుడు పుట్టిన పల్లె నుంచి ఆ చేనుగల ఆమె పరుపులన్నకు ఫోన్ చేసింది. పొద్దున పూట గుట్ట కింద చెవి చీలిన నక్క కనపడుతోందని. బీటు ఆఫీసరును అడిగితే, దూరం నుంచి చూసి రండి, తిండి పెట్టొద్దు, పిలవొద్దు అంది. ఆదివారం తొలి బస్సుకు ముగ్గురం బయల్దేరాం. అక్క కూడా వచ్చింది. నాతో కాదు, ఆయనతో వచ్చింది. బస్సులో వేరే సీట్లో కూర్చుంది. 

మంచు ఇంకా విడవలేదు. పత్తిచేను గట్టు మీద నిలబడ్డాం. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత గుట్ట కింద ఒక బూడిదరంగు మచ్చ కదిలింది. కూర్చుంది. ఎడమ చెవి రెండుగా చీలి ఉంది.

పరుపులన్న నా చెయ్యి పట్టుకున్నాడు. వాడు గాలిని వాసన చూశాడు. లేచాడు. మా వైపు నడవడం మొదలుపెట్టాడు. మొదట మెల్లగా, తర్వాత చిన్న పరుగుతో, తోక నేల మీద ఆడిస్తూ, దూదిలోకి దూకేముందు వచ్చినట్టే వస్తున్నాడు. 

“అల్లుడొస్తాండాడు” అని అక్క ఏడవడం మొదలుపెట్టింది.

పరుపులన్న చేతులు చాపితే చాలు. చాపలేదు. నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. 

“అమ్మా, అరువు.”

“నావల్ల కాదన్నా.”

“అరువమ్మా. దండం పెడతా. మనమని వస్తాండాడు, రేపు ఇంకొకని కాడికీ పోతాడు. అరువు!”

అరిచాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఎన్నడూ అలా అరవలేదు. గుట్ట మారుమోగింది. వాడు గాల్లోకి ఎగిరి, వెనక్కి తిరిగి, చెవులు అణిచేసి పరుగు లంకించుకున్నాడు. అప్పుడు కందిసాళ్ళలో నుంచి ఇంకొకటి లేచింది. వాడికన్నా సన్నగా ఉంది. రెండూ పక్కపక్కనే, ఒకదాని భుజం ఒకదానికి తగిలేంత దగ్గరగా పరుగెత్తి, గుట్ట ఎక్కి, అవతలికి దిగిపోయాయి. ఒక్కటి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

పరుపులన్న గట్టు మీద కూర్చుండిపోయాడు. భుజం మీది తువ్వాలు తీసి మొహం మీద కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడనుకుని పక్కన కూర్చున్నాను. తువ్వాలు కింద నవ్వుతున్నాడు.

“భయముండాది. బాగా భయముండాది టీచరమ్మా. బతుకుతాడు” అన్నాడు. తువ్వాలు తీసి భార్య వైపు తిరిగాడు. “చూసినావా? ల్యాదు ల్యాదనుకుంటిమే. అద్దో, కూతురొచ్చింది.”

అక్క ముక్కు తుడుచుకుని, చీర కొంగు ముడి విప్పింది. అందులో ఉడకబెట్టిన కోడిగుడ్డు. పెట్టొద్దన్నారని తెలిసీ తెచ్చింది. కాసేపు దాన్నే చూసి, తెచ్చి నా చేతిలో పెట్టింది. 

“నువ్వు తిను. అరిసి అరిసి గొంతెండింటాది” అంది. అన్ని నెలల తర్వాత నాతో ఆమె అన్న మొదటి మాట అది. నేను అక్కడే, గట్టు మీదే, ఉప్పు లేకుండా ఆ గుడ్డు మొత్తం తినేశాను.

తిరుగు ప్రయాణంలో సి.బెళగల్‌లో ఆటో ఎక్కాం. ఊరి పొలిమేర దాటకముందే పరుపులన్న నిద్రపోయాడు. గుంతల్లో ఆటో ఎగిరెగిరి పడుతున్నా కదల్లేదు. కుడిపక్కకు ఒరిగి, అరచెయ్యి చెంప కింద పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి. ఆయన ఏ పక్కకు తిరిగి పడుకుంటాడో అప్పుడు తెలిసింది నాకు.

ఎమ్మిగనూరు బస్టాండులో ఆటో ఆగింది. ఆదోని బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. నేను లేపబోతే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. బస్సు వెళ్ళిపోయింది. తర్వాతిదీ వెళ్ళిపోయింది. ఆటో అతను మమ్మల్ని చూసి, ఆయన్ని చూసి, ఇంజను ఆపి టీ తాగడానికి పోయాడు. పక్క ఆటోవాళ్ళు హారన్ కొట్టబోతే నేను పెదాల మీద వేలు పెట్టి సైగ చేశాను. నా జన్మలో అంతసేపు నోరు మూసుకుని కూర్చున్నది ఆ ఒక్కసారే.